ఆ పొట్లంలో ఏముంది?

కుటుంబ ఆరోగ్యం



ఆ మధ్య వేసవిలో వజ్రపుకొత్తూరు వైపు ఒక గ్రామ సంఘానికి వెళ్ళాను. ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం పక్కనున్న పనసచెట్టు నీడలో అందరం కూర్చున్నాం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా మందులిచ్చే పని చేసి విరమించినవాణ్ణని అక్కడి పెద్దలకు తెలుసు గనుక, ఒక్కొక్కరే తమ మందుల సంచులు తెచ్చి చూపించసాగారు. షుగరు మందులు, బీపీ మందులు, గ్యాస్ బిళ్ళలు. చివరగా ఒక అమ్మ చీర కొంగు ముడి విప్పి, పాత పేపరు ముక్కలో కట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. అందులో మూడు రకాల బిళ్ళలు ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి గులాబీ రంగు, ఒకటి తెలుపు. షీటు లేదు, పేరు లేదు, తేదీ లేదు.

"ఇవి ఏమి మందులమ్మా?" అని అడిగాను.

"ఏటి మందో నాకేటి తెల్సు కంపౌండరు బాబూ! నడుం నొప్పంటే డోసు కట్టి ఇచ్చినాడు. ఒక డోసు ఏసుకుంటే ఆ పూట పని సేసుకోగలుగుతన్నాను. లేపోతే కూసోలేను."

ఆమెకు 58 ఏళ్ళు. కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. పొద్దుట కూర్చుంటే సాయంత్రం వరకు నడుము వంచి కూర్చునే పని. మూడేళ్ళుగా వారానికి నాలుగైదు రోజులు ఆ డోసులు వేసుకుంటున్నానని చెప్పింది.

చదువరులారా, ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు మందుల మధ్య గడిపిన నేను కూడా ఆ మూడు బిళ్ళలు ఏమిటో చెప్పలేకపోయాను. ఊహించగలను, అంతే. బిళ్ళను షీటు నుండి విడదీసిన తరువాత రంగునుబట్టి, ఆకారాన్నిబట్టి దాన్ని గుర్తుపట్టే మార్గం లేదు. పసుపు రంగు బిళ్ళలు వందల రకాలున్నాయి. ఆమెకు రేపు వాంతులు పట్టుకున్నా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఆమెను చూసే డాక్టరుకు ఆమె ఏమి మింగిందో తెలిసే ఆధారం లేదు. ఈ నెల మన శీర్షికలో ఆ పేరులేని పొట్లం గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే మన ఉద్దానంలో ఆ పొట్లానికి ఉన్న ప్రమాదం మరి ఎక్కడైనా ఉన్నదానికంటే ఎక్కువ.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెదికి పట్టుకోవడం కష్టం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనబడే నేల ఇది. అటువంటి నేలమీద నలభై, యాభై ఏళ్ళ వయసులోనే కుటుంబ యజమానులు మంచం పట్టడం చూస్తూ వచ్చాం. ఎందరో వైద్యులు, పరిశోధకులు వచ్చి నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చే పని, వంశపారంపర్యం, నొప్పి బిళ్ళలు అన్నిటినీ అనుమానించారు. ఇదీ కారణమని తేల్చి చెప్పిన ఒకే మాట ఇంతవరకు లేదు. శ్రీలంకలో ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులకు, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్, నికరాగువా దేశాల చెరకు కూలీలకు కూడా ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు.

2019 సెప్టెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రికీ, వంశధార నీటిని హిరమండలం జలాశయం నుండి తెచ్చే మంచినీటి పథకానికీ శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రి, దానితోపాటు పరిశోధన కేంద్రం, సుమారు 700 కోట్ల రూపాయల నీటి పథకం ప్రారంభమయ్యాయి. ఇవి రావలసినవే. అయితే నీళ్ళు మారినా, ఆసుపత్రి వచ్చినా, మందుల షాపు దగ్గర మన అలవాటు మారకపోతే సగం పని మిగిలిపోయినట్టే.

నొప్పి బిళ్ళలవల్లే ఉద్దానం జబ్బు వచ్చిందని నేను అనడంలేదు. అలా చెప్పడానికి రుజువు లేదు. నేను చెప్పేది వేరు. ఏ కారణంచేతనైనా ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఈ బిళ్ళలు హాని చేస్తాయి. ఈ మాటలో అనుమానం లేదు. పైగా మన ప్రాంతపు జబ్బు దొంగలాంటిది. మొదట్లో ముఖం వాపు ఉండదు, కాళ్ళు పొంగవు, చాలామందికి మూత్రంలో ప్రోటీను కూడా పెద్దగా పోదు. వడపోత సగానికి పడిపోయినా మనిషి తోటకు వెళ్తూనే ఉంటాడు, చెట్టెక్కుతూనే ఉంటాడు. గనుక షాపు ముందు నిలబడి "నడుం నొప్పికి రెండు బిళ్ళలియ్యి బాబూ" అని అడిగేవారి కిడ్నీ ఏ స్థితిలో ఉందో అడిగేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు.

అసలు ఆ బిళ్ళ లోపల ఏమి చేస్తుంది? డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, నిమెసులైడ్, ఇవన్నీ ఒకే కుటుంబం. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతుంటాయి. దెబ్బ తగిలిన చోట వాపు, నొప్పి పుట్టించేవి ఇవే. ఈ బిళ్ళలు వాటి తయారీని ఆపుతాయి గనుక నొప్పి తగ్గుతుంది. అయితే అవే పదార్థాలకు కిడ్నీలో మరొక ఉద్యోగం ఉంది. కాలువలో నీరు తగ్గినప్పుడు చివరి పొలానికి తడి అందాలంటే తూము తలుపు ఎత్తి ఉంచాలి కదా! ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం వెళ్ళే తూమును ఎత్తి పట్టుకునేవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి బిళ్ళ ఆ తూమును దించేస్తుంది. వానాకాలంలో ఏసీ గదిలో కూర్చున్న ఆరోగ్యవంతుడికి రెండు రోజులు వాడినందువల్ల ఏమీ కాకపోవచ్చు. మే నెలలో కొబ్బరి తోటలోనో, ఉప్పుగాలిలో వలలు లాగుతూనో పగలంతా చెమటోడ్చి, నీళ్ళు చాలక, సాయంత్రం ఒళ్ళు నొప్పులకు అదే బిళ్ళ మింగేవాడి సంగతి వేరు. ఒకవైపు కాలువలో నీరు లేదు, మరొకవైపు తూము మూశాం.

బీపీ మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పేరు చివర 'ప్రిల్' అని, 'సార్టాన్' అని వచ్చే బీపీ మందులు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీటి బిళ్ళలు, వాటితోపాటు నొప్పి బిళ్ళలు, ఈ మూడూ ఒక మనిషి కడుపులో కలిస్తే కిడ్నీ ఒక్కసారిగా చతికిలబడే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరిస్తారు. ఇది చదివి ఎవరూ బీపీ మందు మానవద్దు. బీపీ అదుపు తప్పితే కిడ్నీకి అంతకంటే పెద్ద కీడు. తీసివేయవలసింది నొప్పి బిళ్ళను.

ఇక్కడ రాబందుల సంగతి చెప్పాలనిపిస్తోంది. మా చిన్నతనంలో ఊరి బయట చచ్చిన పశువును పడవేస్తే గంటలో రాబందులు దిగేవి. తరువాత అవి కనబడడం మానేశాయి. వీపు తెల్లగా ఉండే రాబందు జాతి మన దేశంలో నూటికి 99 వంతులకు పైగా నశించింది. ఎందుకో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ సూదే కారణమని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పశువు చచ్చాక దాని మాంసం తిన్న పక్షికి కిడ్నీలు పాడై చనిపోయేది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు దొడ్డిదారిన పశువులకు వెళ్తున్నాయని 2015లో మనుషుల సూది మందును కూడా ఒక్క డోసుకు సరిపడే చిన్న సీసాల్లోనే అమ్మాలని నిబంధన పెట్టింది. పక్షి వేరు, మనిషి వేరు. రాబందుకు విషమైనంత మాత్రాన మనిషికీ అంతే విషమనలేం. డాక్టరు చెప్పిన రోజులు, చెప్పిన మోతాదు వాడితే అది ఉపయోగపడే మందే. కాని పక్షుల కోసం అంత గట్టి నియమం పెట్టుకున్న మనం, మన ఇంట్లోని అమ్మకు అదే మందు పేరైనా తెలియకుండా పేపరు ముక్కలో కట్టి ఇస్తుంటే ఊరుకుంటున్నాం.

చట్టం ఏమంటుందో చూద్దాం. మందుల అమ్మకానికి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దానికింద 1945లో వచ్చిన నియమాలు ఆధారం. నేను పైన చెప్పిన నొప్పి మందులు ఆ నియమాల్లో షెడ్యూల్ హెచ్ అనే జాబితాలో ఉన్నాయి. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. అటువంటి మందును రిజిస్టరైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. షాపు లైసెన్సును వచ్చినవారికి కనబడేచోట తగిలించి ఉంచాలి. షీటుమీద ఎర్ర గీత, 'ఆర్‌ఎక్స్' అనే గుర్తు ఉంటే అది చీటీ మందని అర్థం. కొన్ని బలమైన యాంటీబయాటిక్స్, టీబీ మందులు, నిద్ర మందులవంటి 46 మందులను 2014 మార్చి నుండి హెచ్-1 అనే మరింత గట్టి జాబితాలో పెట్టారు. వీటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం వేరే పుస్తకంలో రాసి, మూడేళ్ళు దాచి ఉంచాలి.

కాగితంమీద ఇంత ఉంది. షాపుకు వెళ్ళి చూస్తే గోడమీద ఒకరి సర్టిఫికెట్టు, బల్ల వెనుక మరొకరు. ఈ మాట రాసినందుకు కొందరు మిత్రులకు కోపం రావచ్చు. షాపుల వారందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి పదకొండు గంటలకు పిల్లకు జ్వరమొస్తే తలుపు తీసేది ఊళ్ళో మందుల షాపు అతనే. అప్పు రాసుకునేదీ అతనే. టెక్కలి రోడ్డుమీద నాకు తెలిసిన ఒక యువ ఫార్మసిస్టు నొప్పి బిళ్ళ అడిగిన ప్రతివారినీ "ఎక్కడినుండి వచ్చారు? క్రియాటినిన్ ఎప్పుడు చేయించారు?" అని అడుగుతాడు. చీటీ లేకపోతే ఇవ్వడు. "నువ్వివ్వకపోతే పక్కవాడిస్తాడు" అని తిట్టి పోయేవారు రోజుకు పదిమంది ఉంటారట. స్ట్రాంగు బిళ్ళ కావాలి, ఒక్క డోసుతో దిగిపోవాలి అని అడిగేది మనమే. ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు కనబడితే ఆ షాపుకు పరుగెత్తుతాం. లోపల ఫార్మసిస్టు ఉన్నాడా అని అడిగినవారిని నేను చూడలేదు.

మరొక చిక్కు ఉంది. కొంచెం చదువుకున్నవారు ఇందులో ఎక్కువగా పడుతున్నారు. కిడ్నీకి పారసెటమాల్ ఫరవాలేదని వారెక్కడో విన్నారు. అది చాలావరకు నిజమే. తగిన మోతాదులో పారసెటమాల్ మిగిలిన నొప్పి మందులకంటే కిడ్నీకి క్షేమం. పెద్దవారికి రోజు మొత్తంమీద 4 గ్రాములు దాటకూడదు. సన్నగా ఉన్నవారు, మద్యం అలవాటున్నవారు, కాలేయ జబ్బున్నవారు అంతకంటే చాలా తక్కువ వాడాలి. సరే, షీటు తిప్పి చూస్తారు, పారసెటమాల్ 325 అని కనబడుతుంది, నిశ్చింతగా మింగుతారు. దాని పైవరుసలోనే ఎసిక్లోఫెనాక్ 100 అని ఉంటుంది. రెండు మందులు కలిపిన బిళ్ళ అది. మన ప్రాంతంలో నడుము నొప్పికీ, మోకాళ్ళ నొప్పికీ ఎక్కువగా చేతులు మారేది ఈ జంట బిళ్ళే. ఇటువంటి కలుపుడు మందులలో అర్థంలేనివి 156 రకాలను 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఎసిక్లోఫెనాక్ 50, పారసెటమాల్ 125 కలిపిన బిళ్ళ ఆ జాబితాలో ఉంది. 100, 325 ఉన్నది ఆ జాబితాలో లేదు. కాబట్టి షీటుమీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, దానికింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లన్నీ చివరివరకు చదివించుకోండి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే వారిచేత చదివించండి.

డోసు పొట్లంలో ఇంకా ఏముండవచ్చు? నొప్పి బిళ్ళకు తోడు ఒక గ్యాస్ బిళ్ళ, కొన్నిచోట్ల ఒక స్టెరాయిడు బిళ్ళ. స్టెరాయిడు వేసుకుంటే ఒళ్ళు తేలికగా, ఆకలిగా, హుషారుగా ఉంటుంది. అందుకే ఫలానా చోట డోసు బాగా పనిచేస్తుందని పేరు వస్తుంది. నెలల తరబడి అయితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, అకస్మాత్తుగా మానేస్తే ప్రాణంమీదికి రావచ్చు. అందుచేత చాలాకాలంగా అటువంటి డోసులు వాడుతున్నవారు ఇది చదివి రేపటినుండే మానేయకుండా, ఆ పొట్లం తీసుకొని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. గ్యాస్ బిళ్ళ కూడా ఏళ్ళ తరబడి పొద్దున్నే కాఫీలా వేసుకునేది కాదు. కొందరిలో అదీ కిడ్నీకి వాపు తెస్తుంది.

ఇక బిల్లు సంగతి. రెండు బిళ్ళలకు బిల్లేమిటని మనకు మొహమాటం. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన ఇరవై మందికి పైగా పిల్లలు కిడ్నీలు చెడిపోయి చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకం 48 శాతానికి పైగా ఉన్నట్టు పరీక్షలో తేలింది. మోటారు బండ్లలో, కార్ఖానాల్లో వాడే పదార్థం అది. ఇదేమీ మొదటిసారి కాదు. 1937లో అమెరికాలో ఇదే ద్రావకం కలిసిన మందు తాగి వందమందికి పైగా చనిపోతే, మరుసటి ఏడే అక్కడ కొత్త ఔషధ చట్టం వచ్చింది. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో, 2020లో జమ్మూ ప్రాంతంలోని రామ్‌నగర్‌లో, 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో, మళ్ళీ మళ్ళీ అదే విషం.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు అధికారులు ప్రకటించేది మందు పేరు ఒక్కటే కాదు, దాని బ్యాచ్ నంబరు. ఒకే పేరున్న వేల సీసాలలో చెడ్డది ఏదో చెప్పేది ఆ నంబరే. కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ ప్రతి నెలా నాణ్యత లేని మందుల జాబితా ప్రకటిస్తుంది. అందులోనూ బ్యాచ్ నంబరే ఆధారం. మన దగ్గర బిల్లు ఉంటే, దానిమీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటే, మన ఇంట్లో ఉన్నది ఆ సీసా అవునో కాదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. పేపరు పొట్లానికి బ్యాచ్ నంబరు లేదు. 2023 ఆగస్టు 1 తరువాత తయారైన 300 పేరున్న మందులమీద క్యూఆర్ గుర్తు ముద్రించాలని నియమం వచ్చింది. సెల్‌ఫోను చూపిస్తే మందు పేరు, తయారుచేసినవారి వివరాలు, తేదీలు కనబడతాయి. మన పిల్లలకు ఫోనులో అన్నీ చూడడం వచ్చు గనుక ఇది కూడా చూడమనండి. మందుమీద నిజంగా అనుమానం వస్తే, కొన్నవారు ఎవరైనా సరే నిర్ణీత రుసుము కట్టి దాన్ని ప్రభుత్వ పరీక్షకు పంపించుకునే హక్కు 1940 చట్టం 26వ సెక్షను ఇచ్చింది. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు కూడా చేయవచ్చు. దానికీ బిల్లు కావాలి.

రెండే బిళ్ళలు కొనాల్సి వచ్చినా ఫరవాలేదు. పూర్తి షీటు కొనే స్తోమత అందరికీ ఉండదు. కత్తిరించేటప్పుడు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న కొస షాపులో ఉండిపోతుంది. ఆ షీటు ఒకసారి మీకు చూపించమని అడగండి, పేరు, తేదీ చీటీమీద రాయించుకోండి. అంతేగాని రేకులోనుండి బిళ్ళను తీసి పేపరులో కట్టించుకోకండి. తేమగాలి తగిలిన బిళ్ళ తేదీ దాటకముందే చెడవచ్చు. మన తీరంలో ఉప్పుగాలి తలుపు గొళ్ళేలనే తినేస్తుంది, బిళ్ళనెందుకు వదులుతుంది?

పాత రోజుల్లో సోంపేట ఆరోగ్యవరం వంటి మిషను ఆసుపత్రులు, ప్రభుత్వ డిస్పెన్సరీలు ఉన్న కాలంలో మిక్స్చరు సీసాకు కాగితం గాట్లు అంటించి ఇచ్చేవారు. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. చదువురానివారికి కూడా ఎంత తాగాలో సీసాయే చెప్పేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ గాట్లు కత్తిరించడమే నా పని.

ఇప్పుడు డయాలసిస్ చేయించుకునే కుటుంబాలకు ఒక ముఖ్యమైన మాట. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి ఆసుపత్రులకు వారానికి రెండు మూడుసార్లు వెళ్ళివచ్చే ఇళ్ళు మన సంఘాలలో చాలా ఉన్నాయి. వీరికి రక్తం పెరగడానికి ఎరిత్రోపొయెటిన్ అనే సూది రాస్తారు. ఖరీదైన మందు. ఇది, ఇంకా తెరవని ఇన్సులిన్ సీసా, రెండూ 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. ఈ సూదిని గట్టిగా కుదపకూడదు కూడా. ఒక సోదరుడు దాన్ని శ్రీకాకుళంలో కొని చొక్కా జేబులో పెట్టుకొని, ఎండలో బస్సు మారి, మూడు గంటల తరువాత ఇంటికి చేర్చాడు. నెల తిరిగినా రక్తం పెరగకపోతే మందు నకిలీదని షాపువాడిని తిట్టాడు. మందు మంచిదే అయి ఉండవచ్చు, దారిలో చెడి ఉండవచ్చు. వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో కట్టి వేసి, మందు పెట్టెకు బట్ట చుట్టి, ఐసు నేరుగా తగలకుండా తెచ్చుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్ పైన ఐసు గదిలో పెట్టకూడదు, తలుపు అరలో కూడా వద్దు, మధ్య అరలో పెట్టాలి.

షాపులో ఫ్రిజ్ ఉందా, అది నడుస్తోందా అన్నది కూడా చూడవలసిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరంమీద విరుచుకుపడినప్పుడు కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలు కూలి, ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ రోజుల్లో ఫ్రిజ్‌లలో ఉన్న ఇన్సులిన్ ఏమైందని ఎవరు అడిగారు? నేనూ అడగలేదు. తరువాత చాలారోజులకు ఆ ఆలోచన వచ్చి సిగ్గుపడ్డాను. తుఫాను వచ్చిన ప్రతిసారీ, కరెంటు వచ్చాక కొనే చల్లటి మందు విషయంలో "ఇది కొత్త సరుకేనా, కరెంటు పోయినప్పుడు ఎలా ఉంచారు?" అని అడగండి. మంచి షాపు అతను కోపగించుకోడు, సమాధానం చెబుతాడు.

క్రియాటినిన్ పరీక్ష గురించి ఒక మాట చెప్పి ఆ అమ్మ దగ్గరకు వస్తాను. ల్యాబు కాగితంమీద 1.2 వరకు మామూలే అని అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె చూసి నిశ్చింతగా వెళ్ళిపోతాం. ఇరవై ఐదేళ్ళ బలమైన కుర్రవాడికి అది మామూలే. అరవై ఏళ్ళ స్త్రీకి అదే 1.2 వస్తే, వయసుతో లెక్కవేసి చూసినప్పుడు కిడ్నీ వడపోత దాదాపు సగానికి వచ్చిందని అర్థం. అందుచేత అంకె ఒక్కటే కాకుండా వడపోత లెక్క కూడా వేసి చెప్పమని డాక్టరును అడగండి. ఆ కాగితాన్ని మడిచి మందుల సంచిలోనే ఉంచుకొని షాపుకు వెళ్ళినప్పుడల్లా చూపించండి. ఫార్మసిస్టు మంచివాడైతే దాన్ని చూసి సగం మందులు ఇవ్వడానికి వెనుకాడతాడు.

పనసచెట్టు కింద పొట్లం చూపిన అమ్మకు ఆ తరువాతి వారం ఆమె కొడుకు పరీక్ష చేయించాడు. క్రియాటినిన్ 1.8 వచ్చింది. ఆమె వయసుకు లెక్క వేస్తే వడపోత మూడో వంతు మిగిలినట్టు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఇన్నాళ్ళూ ఏమి వాడారు?" కొడుకు దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. పసుపు బిళ్ళ, గులాబీ బిళ్ళ, తెల్ల బిళ్ళ అన్నాడు. డోసు కట్టిన షాపుకు వెళ్ళి అడిగితే, ఎప్పుడేమి కట్టామో గుర్తులేదన్నారు. చివరకు డాక్టరు పొట్లంలో మిగిలిన బిళ్ళలను బల్లమీద పరచి, అందులో స్టెరాయిడు ఉండవచ్చన్న అనుమానంతో దానికి తగినట్టు మెల్లగా తగ్గించే పద్ధతి రాసి ఇచ్చి, నొప్పి బిళ్ళను మాత్రం ఆ రోజే ఆపించారు. ఏది ఎంతకాలం వాడారో తెలిసుంటే పని సులువయ్యేదని ఆయన కొడుకుతో అన్నారట.

మూడు వారాలకు మళ్ళీ చేయిస్తే 1.5కు దిగింది. అంతకంటే తగ్గలేదు. పోయిన భాగం తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవాలని చెప్పారు.

నడుము నొప్పి ఇంకా ఉంది. కార్ఖానాలో నేలమీద కాకుండా చిన్న పీటమీద, గోడకు వీపు ఆనించి కూర్చుంటోంది. గంటకోసారి లేస్తోంది, సీసాలో నీళ్ళు తీసుకువెళ్తోంది. మరీ భరించలేనప్పుడు, డాక్టరు రాసిన ప్రకారం, ఒంటి పారసెటమాల్ వేసుకుంటోంది. మొన్న క్రిస్మసుకు ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆమె నన్ను చూసి లోపలినుండి బిస్కెట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అందులో కత్తిరించిన షీటు ముక్కలు, వాటికి పిన్నుతో గుచ్చిన బిల్లులు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఒక్కోదానిమీద తెలుగులో రాసిన పేర్లు ఉన్నాయి.

"సూడు కంపౌండరు బాబూ" అంది, "ఇప్పుడు అడుగు, ఏటి మందో సెప్తాను."